కృష్ణబిలం ఫొటో కోసం హార్డ్ డిస్కులను విమానంలో ఎందుకు మోశారు? మా తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఏం చెప్పను?

గోపాలపట్నం టీచర్

అందరికీ నమస్కారం. విశాఖలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పోయిన శనివారం పాఠం అయిపోయి పది నిమిషాలు మిగిలితే పిల్లలకు ఎం87 అనే గెలాక్సీ మధ్యలో ఉన్న కృష్ణబిలం (బ్లాక్ హోల్) ఫొటో చూపించాను. మధ్యలో నల్లగా, చుట్టూ నారింజ రంగు వలయంతో ఉంటుందే, అది. 2017 ఏప్రిల్‌లో ఎనిమిది రేడియో టెలిస్కోపులు కలిసి చేసిన పరిశీలనల్లో అది దొరికిందని (దక్షిణ ధ్రువం దానికి ఎం87 కనిపించదు, మిగతా ఏడూ దాన్ని చూశాయి), ఫొటో మాత్రం 2019 ఏప్రిల్ 10న బయటికి వచ్చిందని చెప్పాను. రెండేళ్లు ఎందుకు పట్టిందని ఎవరైనా అడుగుతారనుకున్నాను. ఎవరూ అడగలేదు. దాదాపు 5 పెటాబైట్ల (50 లక్షల గిగాబైట్ల) సమాచారాన్ని అర టన్ను హార్డ్ డిస్కుల్లో నింపి విమానాల్లో అమెరికాకు, జర్మనీకి తెచ్చారన్న మాట దగ్గర మాత్రం వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది.

వాళ్ల నాన్న పోర్టులో కంటైనర్ లారీ నడుపుతారు. "టీచర్, మా నాన్న మోసినట్టే వాళ్లూ మోశారా? నెట్‌లో పంపవచ్చు కదా?" అన్నాడు.

సమాచారం చాలా ఎక్కువ కదా అన్నాను. "ఎక్కువంటే ఎన్ని రోజులు?" అన్నాడు. సరే, బోర్డు మీదే లెక్క వేశాం. సెకనుకు 1 గిగాబిట్ చొప్పున పంపితే 463 రోజులు వచ్చింది. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు. "దక్షిణ ధ్రువం నుంచి కూడా డిస్కులు తెచ్చారన్నారు. అక్కడ చలికాలంలో విమానాలు తిరగవని సాంఘిక శాస్త్రంలో చదివాం. మరి ఆ డిస్కులో ఏమీ రికార్డు కాలేదని అన్ని నెలల తరువాత తెలిస్తే?" అన్నాడు. గంట మోగింది కాబట్టి బతికిపోయాను.

ఇంటికి వచ్చి చదివితే ఇంకో విషయం తెలిసింది. యూరప్‌లో కొన్ని రేడియో టెలిస్కోపులను ఫైబర్ కేబుళ్లతో కలిపి, చూస్తుండగానే సమాచారాన్ని ఒకచోట జోడిస్తున్నారట. దీంతో నా అనుమానాలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. మా ఇంట్లో వీడియో కాల్ రెండు నిమిషాలకొకసారి ఆగిపోతుంది. సెకనులో కోట్లసార్లు ఊగే తరంగాన్ని ఇలాంటి నెట్ మీద పంపితే అలల లెక్క తప్పిపోదా? విమానంలో మోసేవాళ్లు మోస్తుంటే వీళ్లు ఇంత కష్టపడి నెట్ మీద ఎందుకు పంపుతున్నారు?

చివరిది వాడిదే. మన బడి డాబా మీద ఒక యాంటెన్నా పెట్టి పుణె దగ్గరి టెలిస్కోపుతో కలపవచ్చా అని అడుగుతున్నాడు. విశాఖకు సముద్రగర్భ కేబుళ్లు తెస్తామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన వార్త పేపరులో చదివాడు. "కేబుల్ వచ్చేస్తుంది టీచర్, యాంటెన్నాయే లేదు" అంటున్నాడు. అల్యూమినియం రేకు కోసం ఇప్పటికే వాళ్ల నాన్న వెంట పడ్డాడట. సోమవారానికి నేను ఏదో ఒకటి చెప్పాలి.

రుషికొండ కోడర్

మేడమ్, మీ లెక్క సరైనదే, దాన్ని ఒకసారి తిప్పి చూడండి. అవే 5 పెటాబైట్లు విమానంలో ఒక్క రోజులో చేరాయనుకుంటే ఆ విమానం వేగం సెకనుకు దాదాపు 460 గిగాబిట్లు. ఏ కేబుల్ పోటీ పడుతుంది దానితో? లైవ్‌గా కలపడమంతా ప్రదర్శన కోసమే అని నా అభిప్రాయం. పైగా నెట్‌లో సమాచారం పాకెట్లనే చిన్న ముక్కలుగా వెళుతుంది, అవి దారిలో పోతూనే ఉంటాయి. పోయినవాటిని మళ్లీ అడిగి తెప్పించుకోవాలి, అప్పటికి ఆలస్యమవుతుంది. శాస్త్రీయ సమాచారంలో ఒక్క బిట్ పోయినా ఒప్పుకోరు కదా.

గాజు జాయింటు

తమ్ముడూ, విమానం లెక్క బాగుంది. పాకెట్ల దగ్గర కాలు జారావు.

ముందు నేనెవరో చెబుతాను. ఇరవై రెండేళ్లు ఫైబర్ జాయింట్లు వేశాను, అనకాపల్లి నుంచి భీమిలి దాకా. వెంట్రుకంత గాజు తీగ రెండు కొసలను సమంగా కోసి, ఎదురెదురుగా పెట్టి, నిప్పురవ్వతో కరిగించి అతికించడం నా పని. రిటైరయ్యాక రాత్రిళ్లు నిద్ర పట్టదు. నేను అతికించిన తీగల్లో ఏమేమి పోతాయో చదువుకుంటూ కూర్చుంటాను. రేడియో టెలిస్కోపుల సంగతి అలా తగిలింది.

టీచర్ గారూ, ఆకాశం నుంచి వచ్చే రేడియో సంకేతం ఎలా ఉంటుందో పిల్లవాడికి వినిపించాలంటే స్టేషన్ల మధ్య ఖాళీలో పెట్టిన పాత రేడియో చాలు. ఆ బుసే. అందులోనూ ఎక్కువ భాగం టెలిస్కోపు రిసీవరు సొంత బుస, నక్షత్రానిది అందులో కలిసిన చిటికెడు. జర్మనీలో ఒక డిష్, ఇటలీలో ఇంకొకటి ఉన్నాయనుకోండి. ఎవరి సొంత బుస వారిదే, నక్షత్రం నుంచి వచ్చిన చిటికెడు మాత్రం ఇద్దరిలోనూ ఒకటే. రెండు బుసలనూ పక్కపక్కన పెట్టి, గుణించి, కోట్లసార్లు కూడితే ఉమ్మడిది మిగులుతుంది. ఈ పని చేసే యంత్రాన్ని కోరిలేటర్ అంటారు. యూరప్ వాళ్లది నెదర్లాండ్స్‌లో డ్వింగెలూ అనే చిన్న ఊళ్లో ఉంది.

ఇప్పుడు పాకెట్ల సంగతి. నూటికి ఒక పాకెట్ దారిలో పోయిందనుకో తమ్ముడూ. నువ్వు బ్యాంకు లావాదేవీ పంపుతుంటే కొంప మునుగుతుంది. ఇక్కడ పోయింది నూటికి ఒక వంతు బుస. బస్తా బియ్యంలో గుప్పెడు ఒలికినట్టు, అన్నం తగ్గదు. అసలు వాళ్ల తలనొప్పి పోయిన పాకెట్లు కాదు, పోయినవాటి కోసం ఆగిపోయే టీసీపీ, అంటే నెట్‌లో మామూలుగా వాడే పంపకం పద్ధతి. ఒక్క పాకెట్ పోగానే అది దారి మూసుకుపోయిందనుకుని వేగం సగానికి కోసేస్తుంది. పక్క వీధిలోని కంప్యూటరుతో అయితే మళ్లీ చిటికెలో పుంజుకుంటుంది. పోయి రావడానికి 300 మిల్లీసెకన్లు పట్టే ఖండాంతర దారిలో, సెకనుకు 1 గిగాబిట్ చొప్పున, ఏ క్షణంలో చూసినా 37 మెగాబైట్లకు పైగా గాజులోనే ప్రయాణంలో ఉంటాయి. అంత పెద్ద ప్రవాహాన్ని తగ్గించి మళ్లీ పెంచడానికి నిమిషాలు పడుతుంది. అందుకని వాళ్లు యూడీపీ అనే ఇంకో పద్ధతి వాడతారు. పంపేది పంపుతూ పో, పడిపోయినది పడిపోనీ. శాస్త్రవేత్తలు "పోతే పోనీ" అన్న చోటు ఇదొక్కటే చూశాను.

టీచర్ గారి రెండో అనుమానం, నెట్ ఆగి ఆగి వస్తే అలల లెక్క తప్పిపోదా అని. తప్పిపోదు. ప్రతి నమూనాకూ టైము ముద్ర పడేది టెలిస్కోపు దగ్గరే, అక్కడి పరమాణు గడియారం చూసి. ఉత్తరం మీద పోస్టాఫీసు ముద్ర చూస్తాం గానీ పోస్ట్‌మ్యాన్ ఎప్పుడు తలుపు తట్టాడో చూడం కదా. ఒకటి ముందు వచ్చి ఇంకొకటి వెనక వస్తే కోరిలేటర్ మొదటిదాన్ని కాసేపు పట్టుకుని, ముద్రలు కలిపి చూసుకుంటుంది.

ఇక ఎందుకు ఇంత కష్టం అన్న ప్రశ్న. దీనికి హుద్‌హుద్ కథ చెప్పాలి.

2014 అక్టోబరు 12. గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. మర్నాడు వీధిలోకి వస్తే చెట్లన్నీ ఒకే వైపు పడుకున్నాయి. మూడో రోజు సింహాచలం కొండ వెనక ఒక తెగిన కేబుల్ దగ్గర నన్ను దింపారు. పన్నెండు తీగల కేబుల్. తీగకో రంగు ఉంటుంది: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, అలా. మామూలు రోజుల్లో ఒక్కో తీగ అతికించగానే అవతలి కొస దగ్గర ఉన్న మనిషికి ఫోను చేస్తాం. "వెలుగు వచ్చిందా?" "వచ్చింది." తరువాతి తీగ. ఆ రోజు సెల్ టవర్లు లేవు, ఫోను లేదు. చీకటి పడింది. పసుపుపచ్చ టార్చి వెలుగులో పని చేశాను. నా దగ్గర ఓటీడీఆర్ ఉంది, తీగలోకి వెలుగు పంపి ఎక్కడ ఎంత పోతోందో గీత గీసి చూపిస్తుంది. పన్నెండు జాయింట్లలోనూ నష్టం 0.05 డీబీ (డెసిబెల్) లోపే, అంటే వెలుగు దాదాపు ఏమీ పోవడం లేదు. ముత్యాల్లాంటి జాయింట్లు. పెట్టె మూసి, బోల్టులు బిగించి, గోతిలో పూడ్చి ఇంటికి పోయాను.

మర్నాడు మధ్యాహ్నం అవతలి మనిషి మోటారు సైకిలు మీద వచ్చాడు. రెండు తీగల్లో వెలుగు తారుమారైంది. టార్చి వెలుగులో బూడిదను తెలుపనుకుని, తెలుపును బూడిదనుకుని అతికించాను. ఓటీడీఆర్‌కు అతుకు మంచిదా కాదా అన్నదే తెలుసు, ఏది దేనికి అతికిందో తెలియదు. మళ్లీ తవ్వి, బోల్టులు విప్పి, కోసి, మొదటి నుంచి. అర నిమిషం ఫోనుతో తేలిపోయేది ఒక రోజు తిన్నది.

టెలిస్కోపుల దగ్గరా సరిగ్గా ఇవే తప్పులు. కుడికి తిరిగే, ఎడమకు తిరిగే తరంగాల (ధ్రువణాల) కేబుళ్లు తారుమారు కావడం, రిసీవరుకు తప్పు ఫ్రీక్వెన్సీ పెట్టడం. ఆ డిష్ దగ్గర కూర్చున్నవాడికి అంతా బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే తెర మీద కనిపించేది ఎప్పుడూ బుసే. రెండో టెలిస్కోపు బుసతో కలిపి చూస్తే గానీ తప్పు బయటపడదు. టేపుల కాలంలో, డిస్కుల కాలంలో అది వారాల తరువాతి మాట. కృష్ణబిలం పరిశీలనలో దక్షిణ ధ్రువం డిస్కుల కోసం ఆ ఏడాది చివరి దాకా ఆగాల్సి వచ్చింది. మీ పిల్లవాడు అడిగింది అదే టీచర్ గారూ. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నెట్ వ్యవహారం పుట్టిందని నా నమ్మకం. వేగం కోసం కాదు, "వెలుగు వచ్చిందా?" అని అడగడం కోసం.

తమ్ముడు ప్రదర్శన అన్నాడు కాబట్టి ఒక్క ఉదాహరణ. హంస రాశి దిక్కున సిగ్నస్ ఎక్స్-3 అనే జంట నక్షత్రం ఉంది, ఉన్నట్టుండి రేడియోలో భగ్గుమంటుంది. 2006 వసంతంలో అది మండినప్పుడు యూరప్ టెలిస్కోపులు నెట్ మీద కలిసి చూశాయి. ఇలాంటివి రోజుల్లో ఆకారం మార్చుకుంటాయి. ఈ రోజు చూసింది రేపటికల్లా తెలిస్తేనే ఎల్లుండి మళ్లీ చూడాలా, ఏ ఫ్రీక్వెన్సీలో చూడాలా అని తేల్చుకోగలరు. డిస్కు కొరియరులో వచ్చేసరికి మంట ఆరిపోయి ఉంటుంది.

రుషికొండ కోడర్

టీసీపీ సంగతి ఒప్పుకుంటున్నాను. నష్టాన్ని భరించగల సమాచారమని తట్టలేదు. ఒక అనుమానం ఉంది అన్నగారూ. అంత మంచి నెట్ ఉంటే కృష్ణబిలం వాళ్లు ఇప్పటికీ డిస్కులే ఎందుకు మోస్తున్నారు?

పుణె నుంచి సింహాచలం

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. పెందుర్తి మా ఊరు, పుణెలో రేడియో ఖగోళశాస్త్రం చదివాను. అన్నగారు చెప్పినదానితో తొంభై పాళ్లు ఏకీభవిస్తాను. జాయింటు కథ అయితే మా ప్రొఫెసరుకు కూడా చెబుతాను.

మిగిలిన పది పాళ్లు ఇవి. నెట్ మీద కలిసే యూరప్ టెలిస్కోపులు ఒక్కొక్కటి సెకనుకు 1 గిగాబిట్, తరువాత కొన్ని 2 గిగాబిట్ల దాకా పంపుతూ వచ్చాయి. కృష్ణబిలం వాళ్లు 2017లో ఒక్కో చోట సెకనుకు 32 గిగాబిట్లు రికార్డు చేశారు. బుసలో చిటికెడు ఎంత చిన్నదైతే అంత ఎక్కువ బుస పోగు చేయాలి. పైగా వాళ్ల టెలిస్కోపులు కొండ కొసల మీద, ఎడారుల్లో, ధ్రువం దగ్గర. ఇది అన్ని రేడియో టెలిస్కోపులకూ ఉన్న చిక్కే. సెల్‌ఫోన్లూ ఊళ్లూ లేని చోటు వెతికి డిష్ కడతాం, సరిగ్గా అలాంటి చోటికే ఫైబర్ ఉండదు. ఖండాలు దాటే కేబుల్ ఎప్పుడో ఉంది, చివరి ముప్పై కిలోమీటర్ల గొయ్యి తవ్వేవాళ్లే దొరకరు. అన్నగారి లాంటివాళ్లకు మేము ఎంత బాకీ ఉన్నామో మాకు తెలుసు.

డిస్కులు మోసేవాళ్లు కూడా పూర్తిగా గుడ్డిగా లేరు. ఇప్పుడు చాలాచోట్ల పరిశీలన మొదట్లో కొద్ది సెకన్ల నమూనా మాత్రం నెట్‌లో పంపి కలిపి చూస్తారు. వెలుగు వచ్చిందా అని అడిగి, మిగతాది డిస్కులో నింపుకుంటారు.

ఇక డాబా సంగతి. టీచర్ గారూ, మీ వాడు అడిగిన పుణె దగ్గరి రేడియో టెలిస్కోపు ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ, అందులో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి, దాదాపు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని. వాటన్నిటి సంకేతాలూ ఫైబర్ మీదే ఒక భవనానికి వస్తాయి. మన ఊరి నుంచి ఖోడద్ దాదాపు వెయ్యి కిలోమీటర్లు, అంటే నలభై రెట్లు ఎడం. ఎడం పెరిగితే చూపు అంతగా పదునెక్కుతుంది. పిల్లవాడి ఆలోచనలో తప్పేమీ లేదు. అడ్డం వచ్చేది కేబుల్ కాదు, గడియారం. రేకుతో గరాటులా చేసిన కొమ్ము యాంటెన్నాకు మనం తగిలించేది చవక ఆర్‌టీఎల్ డాంగిల్, కంప్యూటరుకు గుచ్చే చిన్న రేడియో రిసీవరు. దానికి గడియారంగా పనిచేసే స్ఫటికం పది లక్షల్లో ఒక వంతు తప్పు నడిచిందనుకోండి, మంచి స్ఫటికమే అది. ఆకాశంలోని హైడ్రోజన్ వాయువు పలికే ఫ్రీక్వెన్సీ 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ తప్పు సెకనుకు 1,420 చుట్లు. దూరదూరంగా ఉన్న టెలిస్కోపుల్లో ఒక్కోచోట ఒక్కో హైడ్రోజన్ మేసర్, అంటే చాలా కచ్చితమైన పరమాణు గడియారం పెట్టేది అందుకే. గడియారం సంపాదించినా మన కొమ్ముకు అంత సన్నని వస్తువులను పట్టుకునే బలం లేదు. సూర్యుడు బలమైనవాడే, వెయ్యి కిలోమీటర్ల ఎడానికి మరీ లావు.

లావైతే ఏమవుతుంది అంటారా? ఇక్కడే మీకు పనికొచ్చే ప్రయోగం ఉంది. రెండు కొమ్ములు తూర్పు పడమరలుగా పెట్టి, సమాన పొడవు కేబుళ్లతో వాటి సంకేతాలను కలిపి ఒకే డాంగిల్‌కు ఇవ్వండి. గడియారం ఒక్కటే కాబట్టి తగాదా లేదు. మధ్యాహ్నం సూర్యుడు పైనుంచి దాటుతుంటే బలం పెరుగుతూ తగ్గుతూ గీత వస్తుంది. యంగ్ ప్రయోగంలో మీరు బోర్డు మీద గీసే వ్యతికరణ పట్టీలే, ఆకాశంలో. కొమ్ముల మధ్య 14 మీటర్లు ఉంటే సుమారు మూడున్నర నిమిషాలకొక శిఖరం వస్తుంది. ఎడం పెంచుతూ పోతే పట్టీలు సన్నబడుతూ వెలిసిపోతాయి, 28 మీటర్ల దగ్గర దాదాపు మాయమవుతాయి. ఎక్కడ మాయమయ్యాయో కొలిస్తే సూర్యుడి వెడల్పు తెలిసిపోతుంది, సుమారు అర డిగ్రీ. డాబా మీద నుంచి, రేకుతో.

గోపాలపట్నం టీచర్

సోమవారం క్లాసులో చెప్పాను. పాత రేడియో నిజంగానే పట్టుకెళ్లి బుస వినిపించాను. హుద్‌హుద్ నాటికి వీళ్లు ఇంకా బడిలో కూడా చేరలేదు, జాయింటు కథ మాత్రం నిశ్శబ్దంగా విన్నారు. "మరి ఆ గొయ్యి మళ్లీ ఎవరు తవ్వారు?" అని మా వాడు అడిగాడు.

పుణెతో కలపడం కుదరదంటే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. సూర్యుడి వెడల్పు మాట వినగానే తాడు పట్టుకుని డాబా ఎక్కాడు. తూర్పు పడమరలుగా 19 మీటర్లు ఉంది, మధ్యలో నీళ్ల ట్యాంకు. 28 రాదు. పక్కనే ఉన్న వంటగది కప్పు మీద రెండోది పెడితే 31 వస్తుందని వాడే కొలిచాడు. వంటగది కప్పు డాబా కంటే ఒక మీటరు కింద ఉంది, పరవాలేదా? రేకు వచ్చింది, ప్లైవుడ్ నేను కొంటున్నాను.

పుణె నుంచి సింహాచలం

ఒక మీటరు తేడా పరవాలేదు. శిఖరాలు కాస్త ముందో వెనకో వస్తాయి, వాటి మధ్య ఎడం పెద్దగా మారదు. ట్యాంకు నీడ కొమ్ముల మీద పడకుండా చూసుకోండి. ముందు 5 మీటర్లతో మొదలుపెట్టి పట్టీలు కనిపించాకే దూరం జరపండి. మొదటే 28 పెట్టి ఏమీ రాకపోతే, మాయమయ్యాయో అసలు రాలేదో తేల్చుకోలేరు.

గాజు జాయింటు

గొయ్యి నేనే తవ్వానని చెప్పండి, పార అవతలి మనిషిది. అంత దూరానికి ఫైబర్ అక్కర్లేదు, కోయాక్సియల్ కేబుల్ నా దగ్గర చుట్టలు చుట్టలుగా పడి ఉంది. రెండు ముక్కలూ సెంటీమీటరు తేడా లేకుండా కోసి కనెక్టర్లు బిగించి తెస్తాను. శనివారం పదింటికి వస్తాను. వంటగది కప్పెక్కడానికి నిచ్చెన ఉందా, అదీ తేవాలా?